నాకేం తెల్వదు బిడ్డా

నన్నే అడుగుతున్నవా?
నేను దస్తగీర్ సేఠ్ దగ్గర లెక్కలు రాసినోణ్ని.
టిక్కెట్లెన్ని తెగినయి, కుర్చీల కిరాయెంత,
గంట కొట్టేటోనికి ఎంత, గంతే.
కుస్తీ నిజమా అబద్ధమా
ఆ గంట కొట్టేటోన్నే అడుగు.
సచ్చిపోయిండనుకో.

ఉస్మాన్‌గంజ్‌ల మిరపకాయల గోదాం పైన సేఠ్ దఫ్తరు.
మెట్లెక్కితె తుమ్ములే తుమ్ములు.
శుక్రారం పొద్దుగాల కిటికీ రెక్కలు మూసి
ఆదివారం ఏమైందో చెప్పేటోడు.
"పన్నెండో నిమిషం. కార్వాన్ సింహం కింద పడ్డడు.
జనం ఏడ్చిన్రు. పదిహేడుకు లేసిండు."
నేను రాసుకునేటోణ్ని.
దేవుడు సుత ఇంత ముందుగాల చెప్పడు.

గోడల మీద ఎర్రక్షరాల హంగేరీ దయ్యం ఉన్నడే,
లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌ల ఫిట్టరు, మెల్విన్.
వాళ్లమ్మ ఫిలొమినా చేపల పులుసు బాగ జేసేది.
సేఠ్ హుకుం ఏందంటే
బజార్ల మాట్లాడొద్దు, గుర్రుమనాలె.
ఇరానీ హోటల్ల పక్కన కూసోని
ఆ గుర్రుకు నేను తెలుగు చెప్పేటోణ్ని.
ఒక గుర్రు, పౌనా.
రెండు, ఉస్మానియా బిస్కట్.
మూడోది విన్నమంటె నేనే లేసి బిల్లు కట్టాలె.

సింహం పేరు ఆశన్న.
ఇద్దరు ఒక బస్సెక్కొద్దు, ఒక మంగలి ముందట కూసోవద్దు,
ఒక సావుకు పోవద్దు.
ఆశన్న బిడ్డ పెండ్లికి
మెల్విన్‌కు పత్రిక పోలే.

రాత్రి రెండింటికి, దేగ్చాలు తోముతుంటె,
మొకానికి తువ్వాల చుట్టుకోని వెనకదిక్కు నుంచి ఒచ్చిండు.
బూడిద కాడ నిలబడి
సల్లారిన ఖుబానీ తిన్నడు.
ఆశన్న తన చేతితోని ఇంకింత ఏసిండు.
మాటల్లేవు.
పోయిన ఆదివారం తాను జారగొట్టిన భుజం
ఇంకా నొస్తున్నదా అని
మెల్విన్ రెండేళ్లతోని ఒత్తి చూసిండు.

పాల పిలగాడు చూసిండు.

తెల్లారి మెట్ల మీదనే సేఠ్ గొంతు.
"ఊరికి తెలిస్తె మూడొందల పొయ్యిలు ఆరిపోతయి."
పదకొండు పొయ్యిలే. జీతాలిచ్చేది నేనే గద.
"సాయంత్రం బేగంబజార్ల, మిఠాయి దుకాణం ముందట,
నిజంగ కొట్టుకోండ్రి."

నిజంగ అంటే ఎట్లనో వాళ్లకు యాదికి లేదు.
పదేండ్లాయె
ఒకనికి దెబ్బ తాకకుండ ఒకడు పడుకుంట, లేసుకుంట.
మొదటి గుద్దు గాలికి పోయింది.
జలేబీ తినుకుంట ఎవడో నవ్విండు.
ఆ నవ్వు విని ఆశన్న
కండ్లు మూసుకోని కొట్టిండు.

పన్నొచ్చి నా చెప్పు కాడ పడ్డది.
మెల్విన్ గుర్రుమన్లే.
"అమ్మా" అన్నడు.
ఎంత సక్కని తెలుగు!
బజారంత సప్పుడు లేదు.
సేఠ్ నా దిక్కు చూసిండు.
నేను జనం దిక్కు తిరిగి ఒర్రిన:
"హంగేరీల గూడ అమ్మను అమ్మనే అంటరు!"

నమ్మిన్రు.
రూపాయి బెట్టి నమ్మెటానికి ఒచ్చేటోళ్లు,
ఫుకట్‌ల దొరికితె నమ్మరా?

ఆ ఆదివారం ఫతే మైదాన్ గేటు కాడ లాఠీలు లేసినయి.
ఆరువేల నాలుగొందల టిక్కెట్లు.
పాల పిలగానికి సుత ఒకటిచ్చినం, ముందు వరుసల.
కండ్లార్పకుండ చూసిండు.
"మారో దయ్యంకో" అని గొంతు పోయేదాంక అరిసిండు.

పన్ను ఈ అగ్గిపెట్టెల ఉన్నది.
ఎవరిదంటవా? హంగేరీ ఆయనది.
లెక్కల పుస్తకమా?
అది ఎప్పుడో చెదలు తిన్నయి.
నూట పద్నాలుగో పేజీల, కింద,
"డాక్టరుకు ఎనభై.
ఆశన్న గోదాంల ఏడ్సిండు, మిరపకాయల ఘాటుకని రాయి"
అని సేఠ్ చెప్పంగ నేను రాసింది సుత
తిన్నయి.

కుస్తీ నిజమే బిడ్డా.
నమ్మకం లేకుంటె ఇగో,
కొరికి చూడు.